పొందూరు దగ్గర విన్న అన్నమ్మ కథ

నంద్యాలలో డిగ్రీ పిల్లలకు నేను అమెరికా చరిత్ర చెబుతాను. అమెరికా చూడలేదు. కరోనా రోజుల్లో కాలేజీ మూసేసినప్పుడు పాఠాలు ఫోనులో రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టమన్నారు. వంటింటి గోడకు తెల్లదుప్పటి కట్టి, బానిసత్వం గురించీ, పత్తి తోటల గురించీ, అంతర్యుద్ధం గురించీ వరుసగా చెప్పి పెట్టాను. మధ్యమధ్య మా కుక్కరు ఈల కూడా అందులో ఉంది. మా పిల్లలే సరిగా చూడలేదు. ఇక బయటివాళ్ళు చూస్తారని అనుకోలేదు.

మొన్న ఆశ్వయుజంలో ఒక ఫోను వచ్చింది.

"మేడమ్, నా పేరు పైడితల్లి. సాలూరులో లారీ ఆఫీసులో పని సేస్తన్నాను. మీ గొంతు మా ఇంట్లో అందరికీ ఎరికే," అంది అవతలి అమ్మాయి. "ఒక డౌటు మేడమ్. బానిసల్ని ఒగ్గీసినాక ఆలకి నేల ఎవులిచ్చినారు?"

ఎవరూ ఇవ్వలేదని చెప్పాను. కొందరికి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ లాక్కున్నారనీ, చాలామంది పాత దొర పొలంలోనే పంటలో వాటా ఇస్తూ పాలికి చేసుకుంటూ ఉండిపోయారనీ చెప్పాను. "అలాగే ఉంటాదని మాయమ్మ అన్నాది," అంది పైడితల్లి.

వాళ్ళమ్మ సూరమ్మ జముకుల కథ చెబుతుంది, మా వైపు బుర్రకథ లాగా. కూతురు పరీక్షలకు నా పాఠాలు పెట్టుకుంటే, పొయ్యి దగ్గర కూర్చుని అవన్నీ వినేదట. విని విని ఒక కథ కట్టింది. కార్తీకంలో వాళ్ళ ఊరి గైరమ్మ సంబరంలో, అంటే గౌరమ్మ జాతరలో, చెప్పబోతోంది. "వస్తారేటి?" అని అడిగింది పైడితల్లి. నా పాఠం ఎక్కడికి వెళ్ళిందో చూడాలనిపించింది. సెలవు పెట్టి బయలుదేరాను.

విజయనగరం

రైలు దిగి ఆటో దగ్గరికి నడుస్తుంటే డ్రైవరు "బేగి, బేగి" అని అరిచాడు. బ్యాగు అడుగుతున్నాడనుకుని నా సంచి చేతికిచ్చాను. అతను దాన్ని పట్టుకుని నా వంక చూశాడు, నేను అతని వంక చూశాను. త్వరగా రమ్మంటున్నాడని పక్కనున్న పూలావిడ చెప్పింది. తర్వాత రెండు రోజులూ ఎవరు బేగి అన్నా నా చెయ్యి సంచి మీదికే పోయేది.

బస్టాండు పక్కన ఒక తోపుడుబండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు ఆ వేళకి ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా ఉంటుంది. ఇక్కడ ఉగ్గాని అంటే ఎవరికీ తెలియలేదు. బండి ఆవిడ నా మాట విని, "మీదే ఊరమ్మా? యాస ఏదోలాగున్నాది," అంది.

"నంద్యాల. కర్నూలు వైపు."

"అబ్బో, బాంబులేసుకునీ ఊర్లా?"

నేనెప్పుడూ వెయ్యలేదని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు గానీ అడగకుండానే ఇంకో గరిటె చట్నీ వేసింది.

సాలూరు బస్సులో నా పక్క సీటులో ఒక ముసలావిడ కూర్చుంది. దిగాక కాల్చుకుందామని చుట్ట చెవి వెనక పెట్టుకుంది. గజపతినగరంలో బస్సు ఆగగానే కిందికి దిగి, చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ గురించి విన్నానే గానీ చూడలేదు. నోరు కాలదా అని అడిగితే, "కాలీ నోరు నాదే గదమ్మా," అంది తిరిగొచ్చి.

సాలూరు

సాలూరు అంటే లారీలు. రోడ్డుకి రెండువైపులా వరుసగా ఆగి ఉంటాయి. రంగులు వేసేవాళ్ళు, టైర్లు మార్చేవాళ్ళు, బాడీలు కట్టేవాళ్ళు, ఘాటు దాటి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ దాకా లోడు కోసం ఎదురుచూసే డ్రైవర్లు. పైడితల్లి పనిచేసే ఆఫీసు ఒక చిన్న గది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, జడలో చామంతిపువ్వు, చెవి దగ్గర ఫోను. నన్ను చూసి లేచి నిలబడి, ఫోనులో అవతలివాడితో "లారీ రేపు పంపుతాం, మా మేడమ్ వచ్చీసినారు," అని పెట్టేసింది. ఇక్కడి ఆడపిల్లలకి విజయనగరం అమ్మవారి పేరు పెట్టుకోవడం మామూలే. ఆఫీసులో అందరూ ఆమెను "తల్లీ" అనే పిలుస్తున్నారు, వయసులో పెద్ద డ్రైవర్లు కూడా.

వాళ్ళ ఊరు పొందూరు వైపు. బొబ్బిలి మీదుగా రాజాం వెళ్ళే బస్సులో ఆమె వాళ్ళమ్మ సంగతి చెప్పింది. సూరమ్మ ఏడో తరగతి వరకు చదివింది. ఎల్లమ్మ కథ, రకరకాల రాజుల కథలు తండ్రి దగ్గర నేర్చుకుంది. అమెరికా పాఠాల్లో ఆమెను పట్టుకున్నది యుద్ధం కాదు, అధ్యక్షుడు కాదు. ఒకచోట నేను ఒక్క వాక్యం చెప్పి ముందుకు వెళ్ళిపోయానట. విముక్తి వచ్చాక, అమ్ముడుపోయిన బిడ్డల్ని వెతుక్కుంటూ తల్లులు ఊరూరా నడిచి తిరిగారని.

"ఆ ముక్క మళ్ళీ పెట్టమనీది మేడమ్. పదిసార్లు పెట్టినాను. ఇంక నువ్వు సదువుకోయే అంటే, ఆ తల్లి పేరేటో మేడమ్ సెప్పనేదు గదే అనీది."

చెప్పలేదు. ఆ వాక్యం పుస్తకంలో ఎలా ఉందో అలాగే చెప్పాను. సూరమ్మే పేరు పెట్టుకుంది, అన్నమ్మ అని.

పొందూరు

రాజాంలో బస్సు మారి పొందూరు చేరాం. అక్కడ ఇంకోసారి మారాలి. పైడితల్లికి తెలిసిన ఒకావిడ అక్కడ ఖరీదైన సన్న ఖద్దరుకి నూలు వడుకుతుంది, చూద్దురు రండి అంది. మాది పత్తి పండే నేల. పత్తి ఏరడం ఎలాంటి పనో నాకు తెలుసు. కాయ విచ్చుకున్నాక డొప్ప కొసలు ముళ్ళలా ఎండిపోతాయి, సాయంత్రానికి వేళ్ళ చివర్లు చీరుకుపోతాయి. కానీ ఏరిన తర్వాత ఏమవుతుందో నేనెన్నడూ చూడలేదు. లారీ ఎక్కుతుంది, అంతే.

అప్పలమ్మ అనే ఆ ఆవిడ గుమ్మంలో కాళ్ళు చాపుకు కూర్చుని, పళ్ళున్న ఒక చిన్న ఎముకతో పత్తి దువ్వుతోంది. వాలుగ చేప దవడ అది. ఆ సన్నని పళ్ళతో దువ్వితేగానీ పత్తికి అంత నునుపు రాదట. పాత ఎముక అరిగిపోతే కొత్తది తెప్పించుకుంటారు. చూస్తుండగానే గింజకి అంటుకున్న దూది పొగలాగా విడిపోయింది.

అమెరికాలో యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఆగిపోయిందనీ, ఇంగ్లండు మిల్లుల కోసం మన దేశమంతా పత్తి వెతికారనీ, ధర ఆకాశానికి ఎక్కి, యుద్ధం అయిపోగానే పడిపోయిందనీ నేను చెప్పాను. పాఠం చెప్పే అలవాటు ఎక్కడికెళ్ళినా పోదు. అప్పలమ్మ దువ్వడం ఆపకుండానే విని, "అక్కడ ఏరినోళ్ళకి గుడ్డ ఏటిచ్చీవోరమ్మా?" అని అడిగింది.

ఏడాదికి ఒకటో రెండో జతలు, ముతకవి అని చెప్పాను. "బానిసల గుడ్డ" అని దానికి పేరే ఉండేదన్నాను.

"మాకూ అంతేనమ్మా. ఇది మేం కట్టం," అంది ఒళ్ళోని దూది చూపించి. తర్వాత కాఫీ తాగి వెళ్ళమంది.

నాయుడుగారి ఇల్లు

ఊరి పేరు రాయవద్దని సూరమ్మ అడిగింది గనుక రాయడం లేదు. పొందూరుకి దగ్గర్లోనే ఉంది. వరి గింజ పట్టి తలలు వాల్చుతోంది. సూరమ్మ యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. నన్ను చూడగానే చేతులు రెండూ పట్టుకుని, "ఫోన్లో లావుగా ఉంటారనుకున్నాను," అంది. తనింట్లో ఒకటే గది కాబట్టి నాకు బస బుగతగారి ఇంట్లో ఏర్పాటు చేశారని చెప్పింది.

ఈ వైపు భూస్వామిని బుగత అంటారు. ఆయన అప్పలనాయుడుగారు, డెబ్బై దాటినా నిటారుగా నడుస్తారు. మర్యాదస్తుడు. స్నానానికి వేడినీళ్ళు పెట్టించారు, అన్నంలోకి ఆవపెట్టిన పనసపొట్టు కూర, చిక్కటి పెరుగు వేయించారు. తొంభై దాటిన వాళ్ళమ్మ వరండాలో పడకకుర్చీలో ఉంది. ఆమెను ఊళ్ళో అందరూ పెద్దమ్మగారంటారు. చూపు తగ్గింది, చెవులు బాగా పనిచేస్తాయి. నా గాజుల చప్పుడు విని "మట్టిగాజులు కావు," అంది.

భోజనమయ్యాక సూరమ్మ వచ్చి వరండా మెట్టు కింద నిలబడింది. నాయుడుగారు కబురు పెట్టి పిలిపించారట.

"సూరమ్మా, కత బాగా కట్టినావంట. మంచిదే. పైదేశం కత పైదేశం కతలాగే సెప్పు. మజ్జిలో మన ఊరు తేకు."

సూరమ్మ తల వంచుకుని వింటోంది.

"పక్కూర్లో కంబారోల మాట తెచ్చినావంట. ఎప్పుడో పోయిన సంగతులు. ఇప్పుడు తవ్వితే ఏటొస్తాది? ఏదో పండగ. అందరం ఒక్క సోట కూకుంటాం."

"అలాగే బాబూ."

"మాటిచ్చినావు మరి."

"ఇచ్చినాను బాబూ."

ఆమె వెళ్ళాక పైడితల్లి నాకు విడిగా చెప్పింది. కంబారి అంటే ఏడాది పొడుగునా బుగత ఇంట్లో కట్టుబడి పనిచేసే మనిషి. వీళ్ళ తాతల కాలంలో చాలామంది చిన్నప్పుడే చేరి, ఎప్పుడు బయటపడతారో తెలియకుండా చేసేవారు. కోతలయ్యాక కళ్ళంలో ఇంటింటా కొలిచే ధాన్యమే సూరమ్మకు ఏడాది తిండి. నాయుడుగారి కళ్ళంలో ఆగిపోతే మిగతావాళ్ళ కళ్ళాల్లోనూ ఆగిపోతుంది. "అందికే అలాగే బాబూ అన్నాది మాయమ్మ," అంది పైడితల్లి. ఆ మాట చెప్పేటప్పుడు కోపంగా ఉంది.

నేను ఆ ఇంటి అతిథిని.

జముకు

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గైరమ్మ పందిరి ముందు జనం చేరారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు, వెనక చాపలు, ఆ వెనక నేల. నాయుడుగారి పక్కన నాకు కుర్చీ వేశారు. పెద్దమ్మగారు చీకట్లో నడవలేదు కాబట్టి ఇంట్లోనే ఉంది. మైకు పెట్టారు గనుక ఆమె వరండా దాకా వినిపిస్తుంది.

జముకు అంటే కుంచం లాంటి పాత్రకి ఒకవైపు తోలు బిగించి, మధ్యలోంచి నరం లాగి కట్టిన వాద్యం. సూరమ్మ తమ్ముడు దాన్ని చంకలో ఇరికించుకుని నరం మీటాడు. కడుపులోంచి వచ్చినట్టుంటుంది ఆ చప్పుడు. వంత పాడేదీ, మధ్యమధ్య "తర్వాతేటయ్యిందే అక్కా?" అని అడిగేదీ అతనే. సూరమ్మ కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, అమ్మవారికి దండం పెట్టి మొదలుపెట్టింది.

"పత్తి సూడు తెల్లన. ఏరే సెయ్యి నల్లన. ఏలి సివర ఏటున్నాది?"

"ఎర్రన, అక్కా, ఎర్రన," అన్నాడు తమ్ముడు.

ఆమె చెప్పిన అమెరికాలో దొరలు తాంబూలం వేసుకుంటారు. బానిసలు చోడి అంబలి తాగుతారు. మా వైపు రాగులు అనేవే ఇక్కడ చోళ్ళు. తప్పులు వెతకడం నా వృత్తి కాబట్టి మొదట్లో అవే వినిపించాయి. కాసేపటికి వెతకడం మానేశాను. అన్నమ్మ కొడుకుని సంతలో నిలబెట్టి, ఎద్దుకి చూసినట్టు పళ్ళు చూసి, భుజాలు తట్టి కొనుక్కున్న ఘట్టం వచ్చేసరికి చాపల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బానిస అక్షరం నేర్చుకుంటే కొరడా దెబ్బలని చెప్పింది. తెల్లవాళ్ళలోనే కొందరు ఇది పాపమని ఊరూరా తిరిగి చెప్పారనీ, వాళ్ళని రాళ్ళతో కొట్టారనీ, ఆడవాళ్ళు కూడా లేచి నిలబడి మాట్లాడారనీ చెప్పింది. యుద్ధాన్ని నాలుగు గజ్జెల చప్పుళ్ళలో ముగించేసింది. నేను దానికి మూడు పాఠాలు తీసుకుంటాను.

"సంకెళ్ళు ఊడినాయి. నేల రానేదు. దొర అన్నాడు గదా, ఎక్కడికెల్తావే అన్నమ్మా, నా పొలమే పాలికి సేసుకో, గింజలు నానే అప్పిస్తాను. అన్నమ్మ అన్నాది, నీ గింజలు నీ కాడే ఉంచు, నా కొడుకుని ఎటు అంపీసినావో అది సెప్పు."

అన్నమ్మ నడవడం మొదలుపెట్టింది. ఊరూరా ఆగి, నల్లపిల్లాడు, ఎడం చెవి మీద మచ్చ, ఎవరైనా చూశారా అని అడుగుతోంది. లేదన్న ప్రతి ఊరికీ జముకు ఒక్కసారి మోగి ఆగుతోంది. అలా వెళ్తుండగా సూరమ్మ తమ్ముడు అలవాటు కొద్దీ అడిగేశాడు.

"బిడ్డని తల్లి కాడినించి లాగీసిన అలాటి ఊరు, మన కాడ నేదు గదే అక్కా?"

పక్క ఊళ్ళో చెప్పినప్పుడు అక్కడే కంబారుల మాట వచ్చిందట. అడిగాక అతనికి గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. సూరమ్మ కాలి గజ్జెలు ఆగిపోయాయి. నాయుడుగారు కుర్చీలో కదలలేదు. జనం అంతా సూరమ్మని కాక ఆయన్ని చూస్తున్నారు. ఏం చెయ్యాలో తెలియక తమ్ముడు జముకు మీటుతూనే ఉన్నాడు.

"నేదని సెప్పకు సూరమ్మా," అని వెనకనించి ఒక గొంతు వచ్చింది.

నేల మీద కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. బక్కమనిషి, పైన తువ్వాలు తప్ప చొక్కా లేదు. సింహాచలం అని వెనక చాప మీదనించి పైడితల్లి నా చెవిలో గొణిగింది, నాయుడుగారి ఇంట్లో కంబారిగా చేసినవాడు.

"నువ్వు మాటిచ్చినావని ఊరంతా ఎరుగుదుము," అన్నాడు సింహాచలం. "నాను ఏ మాటా ఇవ్వనేదు."

ఆయన గొంతు పెంచలేదు. మైకు లేదు. అయినా అందరికీ వినిపించింది.

"పాలపళ్ళు ఊడుతున్నప్పుడు మాయయ్య నన్ను పెద్దబుగత ఇంట్లో ఒగ్గీసినాడు. కరువు. ఇంట్లో గింజ నేదు. గింజలు తెచ్చుకున్నాడు, నన్నుంచినాడు. అది ఎప్పుడు తీరతాదో ఎవులూ సెప్పనేదు. నాకు పెళ్ళయ్యి పిల్లలు పుట్టినా తీరనేదు. పసువుల సాలలో పడుకునీవోణ్ణి. మాయమ్మ అమాసకి అమాసకి వచ్చీది. ఆ గుమ్మం కాడ కూకునీది. ఒక్క రేతిరి అంపండమ్మా, తెల్లారీసరికి తెచ్చి ఒగ్గీస్తాను, అనీది. అంపీవోరు కారు. తలుపేసీవోరు. సాలలోంచి నాను సూసీవోణ్ణి. మాయమ్మకి నాను కనిపించీవోణ్ణి కాదు. లెగిసి ఎల్లిపోయీది."

సూరమ్మ వైపు తిరిగాడు.

"ఆ దేశం తల్లి కొడుకు ఎక్కడికో ఎల్లిపోనాడు. పాపం, నడిచినాది. నాను మా ఇంటికి కూతేటు దూరంలో ఉన్నాను."

కూర్చున్నాడు. అప్పలనాయుడుగారు లేచి, కండువా భుజాన సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటివైపు నడిచారు. ముందు వరస కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు ఆయన వెనకే వెళ్ళారు. కుర్చీలోంచి లేవాలో వద్దో తెలియక నేను కూర్చునే ఉన్నాను.

సూరమ్మ నీళ్ళు తాగింది. గజ్జెకాలు నేలకి తాటించి మళ్ళీ ఎత్తుకుంది. అన్నమ్మ ఇంకొక ఊరు చేరింది. పొలం గట్టు మీద ఒక మగమనిషి ఎద్దుల్ని తోలుకుపోతున్నాడు. అన్నమ్మ దగ్గరికి పోలేదు. కూతవేటు దూరంలో నిలబడి కొడుకుని పేరు పెట్టి కేకేసింది. ఆ మనిషి ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఎడం చెవి మీద మచ్చ ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలాగ సెప్పనేదు మేడమ్," అంది పైడితల్లి నా చెవిలో. "అన్నమ్మకి కొడుకు దొరకడు. నడుస్తానే ఉంటాది. అలాగే ఆపీసీది."

పెద్దమ్మగారు

ఆ రాత్రి నాయుడుగారి ఇంట్లో నాతో ఎవరూ కథ మాట ఎత్తలేదు. దుప్పటి అదనంగా కావాలా అని మాత్రం అడిగారు. పొద్దున లేచేసరికి పెద్దమ్మగారు స్నానం చేసి, పాత పట్టుచీర కట్టుకుని, వరండాలో చేతికర్ర పట్టుకు కూర్చుని ఉంది.

"సింహాచలం ఇంటికి తీసుకెళ్ళు," అంది కొడుకుతో.

"ఇప్పుడెందుకే అమ్మా?"

"నాను నడవగలిగినప్పుడే."

"ఆడినే రమ్మని కబురెడతాను."

"వద్దు."

నాయుడుగారు నా వంక చూశారు, సాయం అడిగినట్టు. నేను ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాను. ఊరి చివరి వీధికి చాలా సేపు పట్టింది. ఆ వీధికి ఆమె ఇంతవరకు రాలేదని నాయుడుగారే దారిలో చెప్పారు. జనం గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

సింహాచలం గుమ్మంలో కూర్చుని అంబలి తాగుతున్నాడు. పెద్దమ్మగారిని చూసి లేవబోయాడు. సగం లేచి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన కోడలు మంచం వాల్చింది. పెద్దమ్మగారు కూర్చోలేదు. ఎండ మొహమ్మీద పడుతోంది.

"మీయమ్మ పేరేటిరా?" అని అడిగింది.

"ఇప్పుడెందుకు?" అన్నాడు.

"అన్నేళ్ళు నా గుమ్మం కాడ కూకున్నాది. నానెప్పుడూ అడగనేదు."

"సన్యాసమ్మ."

"సన్యాసమ్మ," అంది పెద్దమ్మగారు. చేతికర్ర మీద బరువు మార్చుకుంది. "తలుపెయ్యమన్నాది మా అత్త. ఏసినది నానే."

"ఎరుగుదును," అన్నాడు సింహాచలం. "సాలలోంచి సెయ్యి కనిపించీది."

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన చూశాడు. క్షమించానని ఆయన అనలేదు, అనమని ఆమె అడగలేదు. కాసేపటికి ఆయన అంబలి గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మేం వెనక్కి తిరిగాం. నాయుడుగారు మాత్రం అక్కడే నిలబడిపోయారు. ఆయన సింహాచలానికి రెండేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, ఒకరు పడకగదిలో, ఒకరు పశువుల శాలలో. చివరికి తల ఊపి, మా వెనక వచ్చారు.

ఇంటి మలుపు దగ్గర సూరమ్మ ఎదురైంది. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంది. నాయుడుగారు ఆగారు.

"సాయంత్రం ఉన్నాది గదా కత?" అన్నారు.

"ఉంచమంటారా బాబూ?"

"ఒప్పుకున్నాక సెప్పకపోతే ఎలాగ? సంబరం మూడు సాయంత్రాలు," అన్నారు. చిరాగ్గా అన్నారు. కానీ ఈసారి ఏ మాటా తీసుకోలేదు.

బస్సు దగ్గర

నా సెలవు అయిపోయింది. ఆమదాలవలసలో రైలు అందుకోవాలి. సూరమ్మ, పైడితల్లి రోడ్డు దాకా వచ్చారు. సూరమ్మ ఒక డబ్బాలో అరిసెలు పెట్టి ఇచ్చింది, మా వైపు అరిసెల కన్నా పల్చగా ఉన్నాయి. పైడితల్లి పక్కకి వెళ్ళి లారీ సంగతి ఫోనులో మాట్లాడుతోంది. రోడ్డు కల్వర్టు మీద మేమిద్దరం కూర్చున్నాం.

"కథ బాగుంది," అన్నాను. ఇంకా ఏదో అనాలనిపించింది గానీ, కాలేజీలో పరీక్ష పేపర్ల మీద రాసే మాటలే గుర్తొచ్చాయి.

సూరమ్మ వంగి కాలు చూసుకుంది. రాత్రి గజ్జెలు ఒరుసుకుని మడమ దగ్గర పుండైంది.

"మేడమ్, ఒకటడుగుతాను. ఆ దేశంలో తల్లులు అలాగ నడిచినారు గదా. బిడ్డలు దొరికినారేటి?"

"కొద్దిమందికి. చాలామందికి దొరకలేదు. పత్రికల్లో ప్రకటనలు వేయించారు, చర్చిల్లో చదివించారు. యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా వెతుకుతూనే ఉన్నారు."

"నానూ అలాగే అనుకున్నాను. మీ గొంతు అప్పుడు కొంచెం తగ్గినాది ఫోన్లో."

నా గొంతు తగ్గిందని నాకు తెలియదు.

"అయితే రేతిరి నాను అబద్దం సెప్పినాను," అంది. "కట్టినప్పుడు అలాగ కట్టనేదు. ఆ ముసిలాయన ఎదురుగా కూకున్నాడు మేడమ్. అంతమందిలో నిలబడి, మాయమ్మకి నాను కనిపించనేదు అన్నాడు. ఇంక అన్నమ్మని కొడుకు సూడకుండా ఎలాగ పంపీమంటారు?"

దూరంగా బస్సు వస్తోంది. పైడితల్లి ఫోను పెట్టేసి మావైపు పరుగెత్తుకొస్తోంది.

"సాయంత్రం మల్లీ సెప్పాల," అంది సూరమ్మ లేస్తూ. "మీరు సదువుకున్నోళ్ళు. దొరికినాడని సెప్పనా, నేదని సెప్పనా?"

చరిత్ర అధ్యాపకురాలిగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకే జవాబు ఉండాలి.

"ఆయన వస్తాడా సాయంత్రం?" అని అడిగాను.

"వస్తాడు. ముందు వరసలో కుర్చీ ఏయిస్తన్నాను."

"అయితే దొరికాడని చెప్పండి," అన్నాను.